పుల్ల నీడతో పాఠాలు – 3: మధ్యాహ్నం ఎప్పుడవుతుంది?

పోయిన పాఠంలో పుల్ల నిలబెట్టడం నేర్చుకున్నాం. నేల నుంచి కొన వరకు సరిగ్గా 50 సెంటీమీటర్లు ఉండాలి. దారానికి రాయి కట్టి వేలాడదీసి, రెండు వైపుల నుంచి చూసినా వంకర కనబడకూడదు. అది కుదరనివాళ్లు ముందు ఆ పని పూర్తి చేయండి. పుల్ల ఉత్తరానికో దక్షిణానికో ఒక డిగ్రీ ఒరిగినా, ఈరోజు వచ్చే జవాబు దాదాపు ఒక డిగ్రీ తప్పుతుంది.

ఈరోజు పని, మన ఊరు శ్రీకాకుళం భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీలు ఉత్తరాన ఉందో పిల్లల చేతే కనిపెట్టించడం. అందుకు నడి మధ్యాహ్నపు నీడ, అంటే ఆ రోజుకు అన్నిటికంటే పొట్టి నీడ కావాలి.

మధ్యాహ్నం ఎప్పుడని అడిగితే పన్నెండింటికి అంటారు. గడియారం చూపించేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది సమయం. ఆ రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది. శ్రీకాకుళం 83.9 దగ్గర ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి మన మధ్యాహ్నం అయిదున్నర నిమిషాలు ముందే వస్తుంది. దీనికి తోడు భూమి కక్ష్య పూర్తి గుండ్రంగా లేదు, అక్షం వంగి ఉంది. అందువల్ల ఏడాది పొడవునా ఇంకో తేడా కలుస్తూ ఉంటుంది. శ్రీకాకుళంలో ఫిబ్రవరి రెండో వారంలో నడి మధ్యాహ్నం సుమారు 12:08కి అయితే, నవంబరు మొదట్లో సుమారు 11:38కే అయిపోతుంది. అరగంట తేడా! అందుకే గడియారాన్ని పక్కన పెట్టి, పుల్లనే అడుగుదాం.

పుల్ల మొదలు కేంద్రంగా 35 సెంటీమీటర్ల వ్యాసార్థంతో నేల మీద వృత్తం గీయించండి. మార్చి 20 ప్రాంతంలో పొద్దున పదింటికి నీడ కొన ఆ వృత్తాన్ని తాకి లోపలికి వస్తుంది. అక్కడ ఒక చుక్క. మధ్యాహ్నం రెండు దాటాక మళ్లీ తాకి బయటికి పోతుంది. అక్కడ ఇంకో చుక్క. రెండు చుక్కలనూ కలిపితే తూర్పు పడమరలు వచ్చినట్టే. వృత్తలేఖినితో (జామెట్రీ బాక్సులోని కంపాస్) ఆ గీతకు లంబ సమద్విఖండన రేఖ గీస్తే అది ఉత్తర దక్షిణాలు. నోటుబుక్‌లో ఎందుకు గీస్తున్నామో తెలియకుండా గీసిన ఆ చాపాలు, ఇక్కడ దిక్కులు చూపిస్తాయి. మన పాత జ్యోతిష గ్రంథాల్లో ఈ పుల్లనే శంకువు అన్నారు, పద్ధతి కూడా ఇదే.

మర్నాడు నీడ ఆ ఉత్తర దక్షిణ రేఖ మీదికి వచ్చినప్పుడు పొడవు కొలవాలి. ఆ సమయంలో కొన్ని నిమిషాల పాటు నీడ పొడవు పెద్దగా మారదు, కంగారు పడక్కర్లేదు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మొదటి ఏడాది కొలతకు ముందే "మనది 18.3 డిగ్రీలు" అని బోర్డు మీద రాశాను. ఆరు జట్లూ 18.3 తెచ్చి చూపించాయి. ఒక్కరూ స్కేలును నమ్మలేదు, నన్ను నమ్మారు. తర్వాతి ఏడాది నోరు మెదపలేదు. ఒక జట్టుకు నీడ 16 సెంటీమీటర్లు వచ్చింది, ఇంకో జట్టుకు 17. "నాదే కరెక్టు మేస్టారూ, వీళ్లు నీడ చివర చూడనే లేదు" అని ఒక అమ్మాయి గట్టిగా పట్టుబట్టింది. ఆ రోజు పాఠం ఆ గొడవతోనే మొదలైంది.

పుల్ల కొన దగ్గర పుల్లకూ ఎండ కిరణానికీ మధ్య ఉన్న కోణం చూడాలి; సూర్యుడు భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఉండే రోజున అదే మన అక్షాంశం, అంటే భూమధ్యరేఖకు మనం ఎన్ని డిగ్రీల దూరమో అది. 16 అయితే ఆ కోణం 17.7 డిగ్రీలు. 17 అయితే 18.8. ఒక డిగ్రీ అక్షాంశం అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. అంటే మొదటి జట్టు లెక్కలో శ్రీకాకుళం బంగాళాఖాతంలో పడింది, రెండో జట్టు లెక్కలో హిరమండలం దాటి పైకి పోయింది. అసలు రావలసింది పదహారున్నర. ఇద్దరూ అర సెంటీమీటరే తప్పారు.

ఆ అర సెంటీమీటరు ఎక్కడిదో చూడమన్నాను. అందరూ నేల మీదికి వంగారు. నీడ అంచు గీత గీసినట్టు లేదు, చెదిరిపోయి ఉంది. సూర్యుడు చుక్క కాదు, మన కంటికి అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. ఆ బిళ్ల పూర్తిగా మరుగయ్యే చోటికీ, పూర్తిగా కనబడే చోటికీ మధ్య మసక. ఒక జట్టు మసక లోపలి అంచు దగ్గర గుర్తు పెట్టింది, ఇంకోటి బయటి అంచు దగ్గర.

దీనికి మందు పాత శుభలేఖ అట్ట. పెన్సిల్ మొనతో చిన్న రంధ్రం చేసి పుల్ల కొనకు, రంధ్రం సరిగ్గా 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా అతికించండి. అట్ట నీడ మధ్యలో అర సెంటీమీటరు పైచిలుకు వెలుగు చుక్క పడుతుంది. అది సూర్యుడి బొమ్మే. దాని మధ్యలో గుర్తు పెడితే జట్ల మధ్య తేడా బాగా తగ్గిపోతుంది.

కోణం కోసం చిన్న తరగతుల వాళ్లు గ్రాఫు కాగితం మీద త్రిభుజం గీసి కోణమానినితో కొలవాలి. పదో తరగతి వాళ్లకు టాన్ ఉంది. కంప్యూటర్ ఉంటే స్ప్రెడ్‌షీట్‌లో నీడను ఎత్తుతో భాగించి ఏటాన్‌కు (టాన్ విలువ నుంచి కోణం చెప్పే ఫంక్షన్) ఇవ్వండి. 0.32 లాంటి అంకె వస్తే భయపడకండి, అది రేడియన్లలో ఉంది. డిగ్రీస్ ఫంక్షన్‌తో మార్చాలి.

ఈ లెక్క మార్చి 20, సెప్టెంబరు 22, 23 ప్రాంతాల్లోనే నేరుగా కుదురుతుంది. మిగతా రోజుల్లో సూర్యుడు భూమధ్యరేఖకు ఒక పక్కకు జరిగి ఉంటాడు. ఈ సంగతి చెప్పడానికి మనకు అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడి ఉంది. ఏటా మార్చి 9, 10, 11 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2, 3 తేదీల్లోనూ ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయని పిల్లలందరికీ తెలుసు. ఆ రెండు సార్లే ఎందుకని అడగండి. వెంటనే జవాబు చెప్పకండి, క్యాలెండర్ ఇవ్వండి. మార్చి 20కి సుమారు పది రోజుల ముందు, సెప్టెంబరు 23కి సుమారు పది రోజుల తర్వాత. రెండు సార్లూ సూర్యుడు భూమధ్యరేఖకు దక్షిణంగా సుమారు 4 డిగ్రీల దగ్గర ఉంటాడు. ఒకసారి ఉత్తరానికి వస్తూ, ఇంకోసారి దక్షిణానికి పోతూ. ఆ రోజుల్లో మన పుల్ల మధ్యాహ్నపు నీడ ఇరవై, ఇరవై ఒకటి సెంటీమీటర్ల మధ్య రావాలి. రెండు నెలల్లోనూ కొలిచి పక్కపక్కన రాయించండి.

అభ్యాసం: వచ్చే వారం రోజులు రోజూ మధ్యాహ్నపు నీడ కొలిచి తేదీతో సహా పట్టికలో రాయండి. మబ్బు పట్టిన రోజు ఖాళీగా వదలండి, ఊహించి నింపొద్దు.

నాలుగో పాఠంలో నీడే లేని రోజు. శ్రీకాకుళంలో అది మే 13 ప్రాంతంలో, మళ్లీ జులై ఆఖరులో వస్తుంది. మొదటిదానికి బడికి సెలవులు, రెండోదానికి మబ్బులు. రెండింటినీ ఎలా దాటాలో అక్కడ చూద్దాం.