మార్ఖా లోయ ట్రెక్‌కి సరైన నెల ఏది? బెంగళూరు నుంచి వెళ్లేవాళ్ల కోసం

బెంగళూరులో ట్రెక్ తేదీలు చాలావరకు పిల్లల సెలవులను బట్టే ఖాయమవుతాయి: ఏప్రిల్, మే, లేదంటే దసరా. లడఖ్‌లోని మార్ఖా లోయకు ఈ పద్ధతి పనికిరాదు. కనుమ మీద మంచు, ఏట్లో నీళ్లు, రాత్రిపూట చలి... ఈ మూడూ చూసుకున్నాకే ఆఫీసులో సెలవు అడగండి.

సుమారు 5,200 మీటర్ల ఎత్తులో ఉన్న కాంగ్మారు లా కనుమ దాటితే తప్ప ఈ ట్రెక్ పూర్తికాదు. మే నెలలో అక్కడ మంచు పేరుకుని ఉంటుంది. జూన్ రెండో సగానికి దారి తేలినా, నీడపట్టున మంచు మిగిలే ఉంటుంది. ఎండెక్కితే అది మెత్తబడి కాలు లోపలికి దిగబడిపోతుంది. అందుకే కనుమకు ముందు ఆఖరి మజిలీ అయిన నిమాలింగ్ నుంచి తెల్లవారుజామున ఐదింటికల్లా బయలుదేరాలి.

జులై, ఆగస్టు నెలల్లో అసలు సమస్య ఏరు. పగటి ఎండకు పైన హిమానీనదాలు కరుగుతాయి. ఆ నీళ్లు కిందికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పొద్దున మోకాలి లోతున్న చోటే సాయంత్రానికి తొడల దాకా వస్తాయి. కాబట్టి వంతెన లేని రేవులన్నీ పది గంటల లోపే దాటేయండి. దిగే ముందు బ్యాగు నడుం పట్టీ, ఛాతీ పట్టీ విప్పేయాలి. పడిపోతే బ్యాగు వదిలించుకోవడానికి అదొక్కటే మార్గం. వట్టి కాళ్లతో వద్దు, వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. ప్రవాహం వచ్చే వైపు ముఖం పెట్టి, కర్ర ముందు ఆనించి, ఒక్కో అడుగే పక్కకు జరపాలి. నీళ్లు తొడలు దాటాయంటే ఆగిపోయి మర్నాటి పొద్దున దాటడమే మంచిది.

లడఖ్‌లో వాన పడదనే ధీమా కూడా వద్దు. ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్లే కురిసే లేహ్‌ను 2010 ఆగస్టులో కుండపోత వాన ముంచేసింది. అక్కడి బోడికొండల మీద నీటిని పట్టి ఉంచే చెట్టూచేమా లేవు, కాస్త గట్టివాన పడితే బురద వరదవుతుంది. కనుమ దిగాక వచ్చే దారి ఇరుకు లోయలోనే సాగుతుంది. పైన మబ్బు పట్టి ఉంటే అందులోకి దిగకండి.

మా ఓటు ఆగస్టు చివరి వారం నుంచి సెప్టెంబరు 20 వరకు. చలి పెరగడంతో కరగడం తగ్గి ఏరు శాంతిస్తుంది, ఊళ్లలో బార్లీ కోతలు సాగుతుంటాయి, హోమ్‌స్టేలు తెరిచే ఉంటాయి. చలి లెక్క తేలికే: ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. లేహ్‌లో రాత్రి 5 డిగ్రీలుంటే, అంతకంటే 1,200 మీటర్లు పైనున్న నిమాలింగ్‌లో మైనస్ 3 అనుకోండి. స్లీపింగ్ బ్యాగ్ మైనస్ 10 కంఫర్ట్ రేటింగ్‌ది, అంటే అంత చలిలోనూ హాయిగా నిద్రపట్టేది తీసుకోండి. అక్టోబరుకు పైన టెంట్లు ఎత్తేస్తారు, ఎప్పుడు మంచు పడుతుందో చెప్పలేం.

ఇక సెలవుల లెక్క. బెంగళూరు ఎత్తు 920 మీటర్లు, లేహ్ 3,500. నంది కొండ ఎన్నిసార్లు ఎక్కినా కాళ్లకు బలం వస్తుందే కానీ పలచటి గాలి అలవాటు కాదు. శుక్రవారం రాత్రికి ఢిల్లీ, శనివారం పొద్దున్నే లేహ్, అక్కడ మూడు రాత్రులు. మంగళవారం చిలింగ్ దగ్గర నడక మొదలు. స్కియు, మార్ఖా, హంకర్, థాచుంగ్‌త్సే, నిమాలింగ్‌లలో ఒక్కో రాత్రి ఉండి, ఆదివారం కనుమ దాటాలి. ఒక రోజు మిగులుతుందని చాలామంది థాచుంగ్‌త్సేలో ఆగరు. అది తప్పు. హంకర్ నుంచి నేరుగా నిమాలింగ్ వెళితే పడుకునే ఎత్తు ఒక్కరోజులో 700 మీటర్లకు పైగా పెరుగుతుంది. 500 దాటకుండా చూసుకోవాలి. ఎత్తు పడక తలనొప్పితో పాటు వాంతులో, అడుగు తూలడమో మొదలైతే పొద్దున దాకా ఆగకుండా కిందికి దించేయండి.

సోమవారం ఖాళీగా ఉంచి, మంగళవారానికి తిరుగు టికెట్ తీసుకోండి. వాతావరణం బాగాలేకపోతే లేహ్ విమానాలు రద్దవుతుంటాయి కాబట్టి ఢిల్లీ నుంచి బెంగళూరుకు అదే టికెట్‌లో ఉండాలి, విడిగా కొనకూడదు. మొత్తం ఏడు సెలవులు.