ప్లాను బాగుంది, మంచమే పట్టడం లేదు

ఒడిశాలో పర్లాకిమిడిలోనో, రాయగడలోనో, బరంపురంలోనో ఇల్లు కట్టుకునే మన తెలుగువాళ్ల చేతికి ప్లాను చాలాసార్లు బయటి నుంచే వస్తుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు ఫోనులో పంపుతాడు, దాన్ని ఇక్కడి మేస్త్రికి చూపిస్తాం. ముగ్గు పోసిన రోజున చిక్కులు బయటపడతాయి. పునాది తవ్వకముందైతే వీటిని రబ్బరుతో చెరిపేయవచ్చు.

సమస్య: ప్లాను స్థలంలో ఇమడడం లేదు

ముందు కొలతల పేర్లు చూడండి. ఒడిశాలో ఎకరాకు 25 గుంఠలు, అంటే గుంఠ 1742 చదరపు అడుగులు. తెలంగాణలో ఎకరాకు 40 గుంటలు కాబట్టి అక్కడి గుంట 1089 మాత్రమే. తండ్రి ఒక గుంఠ అంటే కొడుకు మరొక గుంటకు ప్లాను వెతుకుతాడు. ఇక్కడి మరో కొలత డెసిమల్‌తో ఈ బాధ లేదు, అది మన సెంటే: 435.6 చదరపు అడుగులు.

అన్నీ అడుగుల్లోకి మార్చి, నాలుగు భుజాలతో పాటు రెండు కర్ణాలనూ టేపుతో కొలవండి. కర్ణాలు సమానంగా రాకపోతే స్థలం ఎక్కడో వంకర ఉన్నట్టే. హద్దు మీద అనుమానముంటే అమీన్‌ను, అంటే భూమి కొలిచే సర్వేయరును, పిలవండి. పట్టాలో కిసం (భూమి రకం) దగ్గర ఘరబారి (ఇళ్ల స్థలం) అని లేకపోతే, ప్లాను కంటే ముందు భూమి మార్పిడి పని చూసుకోవాలి.

సమస్య: 900 అడుగుల ఇల్లు, గదులు మాత్రం ఇరుకు

30 బై 30 ఇంటికి బయటి గోడలు 9 అంగుళాలైతే లోపల మిగిలేది 812 చదరపు అడుగులు. గడప దాటకముందే 88 పోయాయి. లోపలి గోడలు మొత్తం 60 అడుగుల పొడవుంటే, 9 అంగుళాల మందానికి మరో 45 పోతాయి. నాలుగున్నర అంగుళాలైతే అందులో సగం. పిల్లర్లు, బీములు ఉన్న ఇంట్లో అడ్డుగోడలకు నాలుగున్నర చాలు. గోడల మీదే స్లాబు నిలిచే ఇంట్లో మాత్రం ఈ పొదుపు చేయకండి.

అసలు దొంగ నడవ. మూడున్నర అడుగుల వెడల్పుతో 14 అడుగుల పొడవు సాగే నడవ 49 చదరపు అడుగులు మింగుతుంది, అంటే ఏడు బై ఏడు వంటగది అంత. పడకగదుల తలుపులన్నీ హాలులో ఒకే మూలకు చేర్చితే దాని అవసరమే ఉండదు.

సమస్య: మంచం వేస్తే తలుపు తెరుచుకోదు

ఇది మా ఇంటి కథ. పది బై పది గది. తలుపు గోడకు నడిమధ్యన, ఎదురుగా కిటికీ, పక్కన బాత్రూం తలుపు. నిండు గోడ ఒక్కటీ దక్కలేదు. బీరువా హాలులోకి వచ్చింది, నేటికీ అక్కడే ఉంది. మంచం, బీరువా, బల్ల కొలతలకు అట్టముక్కలు కత్తిరించి ప్లాను మీద జరిపి చూస్తే అరగంటలో తేలిపోయేది. తలుపును మూలకు జరిపితే గోడ మిగులుతుంది. వాస్తు చూపించుకునేవారు ఈ దశలోనే చూపించండి. గోడ లేచాక వచ్చే సలహాకు కూల్చే కూలి అదనం.

సమస్య: మధ్య గదిలో పగలే దీపం

బరంపురం పాత వీధుల్లో మాదిరి, ఇరుపక్కలా పొరుగు గోడలు తగిలే సన్నని స్థలాల్లో ఇది మామూలే. పాత ఇళ్లకు నడుమ ఆకాశం కనిపించే ముంగిలి ఉండేది. గది పెరుగుతుందని మనమే స్లాబు వేసి మూసేశాం. నాలుగు బై ఆరు ఖాళీ వదిలినా చాలు, ఆ 24 చదరపు అడుగులకు చుట్టూ ఉన్న గదులన్నిటికీ వెలుతురు, గాలి వస్తాయి. అయితే దాన్ని బోసిగా వదలకూడదు. 2013లో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. డాబా మీద ఆ ఖాళీ చుట్టూ మూడడుగుల గోడ లేపి, అందులో జాలీలు పెట్టి, పైన చూరు బయటికి వచ్చేలా చిన్న స్లాబు వేయండి. రేకు వద్దు. జల్లు పడినా నిలవకుండా కింద నీరు పోయే గొట్టం ఉండాలి.

సమస్య: పదేళ్లకే ఇల్లు సరిపోవడం లేదు

మెట్లు హాలు నడుమ ఉంటే పై అంతస్తును వేరు చేయలేరు, అద్దెకూ ఇవ్వలేరు. పదడుగుల ఎత్తుకు, మూడడుగుల వెడల్పుతో, మధ్యలో మలుపు తిరిగే మెట్లకు దాదాపు 65 చదరపు అడుగులు కావాలి. వాటిని వీధి వాకిలి పక్కకు తెండి. మెట్ల కింద చోటు ఇన్వర్టరుకు పనికొస్తుంది.

కింద ఒక పడకగదికి బాత్రూం ఆనించి, దాని తలుపు మూడడుగులు పెట్టమని మేస్త్రికి ముందే చెప్పండి. ఇప్పుడు అమ్మానాన్నలకు, తరువాత మీకు.