జూలో ఎలుగుబంటి ప్రవర్తనను నమోదు చేయడం ఎలా?

జంతుశాస్త్ర విద్యార్థి ప్రాజెక్టు కోసం జూకు వెళ్ళిన మొదటి రోజున నోటు పుస్తకంలో తరచుగా రాసుకునే వాక్యం "ఎలుగుబంటి విసుగ్గా అటూ ఇటూ తిరుగుతోంది" అనేది. ఇందులో కంటికి కనిపించింది తిరగడం ఒక్కటే. "విసుగ్గా" అన్న మాట రాసినవారి ఊహ. ఆ ఊహ నిజం కావచ్చు, కాకపోవచ్చు. దానిని తేల్చడానికి కావలసిన పద్ధతిని ఒక ఎలుగుబంటిని ఉదాహరణగా తీసుకుని ఇక్కడ వివరిస్తున్నాను.

ఎలుగును ఎంచుకోవడానికి కారణం ఉంది. నల్లమలలోనూ శేషాచలంలోనూ తిరిగే ఈ జంతువుకు పై దవడలో మధ్యనుండే రెండు కొరుకుడు పళ్ళు ఉండవు. ఆ సందులోంచి అది చెదపురుగులను గాలితో సహా లోపలికి పీల్చుకుంటుంది. పుట్టలు తవ్వుతూ, రేలకాయలూ తునికిపళ్ళూ రేగుపళ్ళూ ఇప్పపువ్వూ వెతుక్కుంటూ గంటల తరబడి తిరగడానికి తగినట్టు రూపొందిన శరీరం అది. అటువంటి జంతువుకు జావ, రొట్టె, పళ్ళు ఒకే పళ్ళెంలో అందితే ఆ గంటల పని నిమిషాల్లో ముగిసిపోతుంది. మిగిలిన వేళంతా అది ఏం చేస్తోందన్నదే మన ప్రశ్న. అడవిలో విశాలమైన ప్రాంతంలో సంచరించే మాంసాహార వర్గపు జంతువులే (చెదలూ పళ్ళూ తినే ఎలుగు కూడా ఆ వర్గానిదే) బోనులో ఎక్కువగా పేసింగ్‌కు, అంటే ఒకే దారిలో పదేపదే నడవడానికి, అలవాటు పడతాయని పరిశోధకులు రాస్ క్లబ్, జార్జియా మేసన్ 2003లో నేచర్ పత్రికలో చూపారు.

పరిశీలన మొదలుపెట్టే ముందు ఆ జంతువు గతాన్ని జూ రికార్డుల నుంచీ, అంతకంటే ముఖ్యంగా కీపరు నోటి నుంచీ తెలుసుకోవాలి. ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలకు ప్రదర్శనల కోసం శిక్షణ ఇవ్వడాన్ని కేంద్ర ప్రభుత్వం 1998లో నిషేధించింది. అలాంటి ఆటల నుంచి రక్షించి తెచ్చిన జంతువు తల ఊపుతుంటే, ఆ అలవాటు ఇప్పటి ఆవరణలో, అంటే ఎన్‌క్లోజరులో పుట్టినది కాకపోవచ్చు. పాత ఇరుకులో పట్టుకున్న కదలిక విశాలమైన చోటికి మారిన తరువాత కూడా ఏళ్ళ తరబడి వదలకపోవచ్చు. అనుమతి విషయానికొస్తే, హైదరాబాదు, విశాఖపట్నం, తిరుపతి జూలు మూడూ అటవీ శాఖ ఆధీనంలోనివే కనుక, గైడ్ సంతకంతో కూడిన ప్రతిపాదనను చాలా ముందుగా జూ అధికారి అయిన క్యూరేటరుకు సమర్పించాలి.

మొదటి మూడు నాలుగు రోజులు ఏ లెక్కా వేయకుండా ఊరికే చూడండి. చూసిన ప్రతి కదలికకూ ఒక పేరు, ఒక నిర్వచనం రాసుకుంటే తయారయ్యే పట్టికనే ఇథోగ్రామ్ అంటారు. నిర్వచనం ఎలా ఉండాలంటే, ఆ ఎలుగును ఎన్నడూ చూడనివారు చదివినా అదే కదలికను గుర్తుపట్టగలగాలి. "నడక" అంటే నాలుగు కాళ్ళ మీద ఒక చోటు నుంచి మరో చోటికి కదలడం. "పేసింగ్" అంటే కనిపించే ప్రయోజనమేదీ లేకుండా అదే దారిలో వరుసగా మూడుసార్లు లేదా అంతకంటే ఎక్కువగా తిరగడం. ఈ "మూడుసార్లు" అన్న హద్దును మీ ఇష్టం వచ్చినప్పుడల్లా మార్చకూడదు. ఎలుగు పడుకుని తన పంజాను చీకుతూ తుమ్మెద రొదలాంటి చప్పుడు చేస్తుంది. దానిని విశ్రాంతిలో కలపకుండా విడిగా రాయండి, అది కలతకు గుర్తా కాదా అన్న తీర్పును మాత్రం పట్టికలో చేర్చకండి. జంతువు గుహలోకో చెట్టు చాటుకో వెళ్ళినప్పుడు "కనిపించలేదు" అని రాయడానికి కూడా ఒక గడి ఉండాలి. ఆ గడిని మరచిపోయి, కనిపించని సమయమంతా నిద్రపోతోందని రాసేసిన ప్రాజెక్టు నివేదికలు తక్కువేమీ కాదు.

ఎలా లెక్కించాలన్న విషయంలో నేటికీ ఆధారంగా నిలుస్తున్నది జంతు ప్రవర్తన శాస్త్రవేత్త జీన్ ఆల్ట్‌మన్ 1974లో ప్రచురించిన పద్ధతుల విశ్లేషణ. ఒకే ఎలుగును చూస్తున్నాం కనుక మనకు చాలినది క్షణ నమోదు. ఫోనులో నిమిషానికోసారి వణికే టైమరు పెట్టుకుని, అది వణికిన ఆ క్షణంలో ఎలుగు ఏం చేస్తోందో మాత్రమే గుర్తు వేయాలి. అరక్షణం ముందు అది ఎంత ఆసక్తికరమైన పని చేసినా దానికి ఆ గడిలో చోటు లేదు. పక్కన వివరంగా రాసుకోవచ్చు. అరగంటకు 30 గుర్తులు, రోజుకు 3 విడతలు, 10 రోజులు అనుకుంటే 900 గుర్తులు వస్తాయి. వాటిలో 216 పేసింగ్ అయితే, ఆ ఎలుగు మీరు చూసిన సమయంలో 24 శాతం పేసింగ్‌లో గడిపిందన్నమాట. అయితే ఇవి 900 జంతువులు కావు, ఒకే జంతువు. గణాంక పరీక్షలో ఈ తేడాను మరచిపోతే ఒక్క ఎలుగు స్వభావాన్ని జాతి మొత్తానికి అంటగట్టినట్టవుతుంది.

విడతల వేళలు ఎంచుకోవడంలో చాలామంది పొరబడతారు. మేతకు ముందు గంట, మేత తరువాత గంట, సాయంత్రం నైట్ హౌస్ (జంతువు రాత్రి ఉండే గది) తలుపు తెరిచే వేళ, ఈ మూడూ ఒకదానికొకటి పొంతన లేని మూడు లోకాలు. సందర్శకులు కిక్కిరిసే ఆదివారమూ, జూ మూసి ఉండే సెలవు రోజూ (హైదరాబాదులో అది సోమవారం) రెండూ నమోదులో ఉండాలి. పులులు, సింహాల మీద పనిచేసేవారు మరొక సంగతి చూసుకోవాలి. చాలా జూలలో వాటికి వారానికి ఒక రోజు ఉపవాసం ఉంటుంది. అది సెలవు రోజునే పడితే, ప్రవర్తనలో వచ్చిన మార్పు ఆకలి వల్లనో జనం లేకపోవడం వల్లనో విడదీసి చెప్పడం సాధ్యం కాదు.

ఇద్దరు కలిసి పనిచేస్తుంటే, ఒకరి షీటు ఒకరు చూడకుండా ఒకే సమయంలో నమోదు చేసి పోల్చుకోవాలి. ఇందులో శాతాలు మోసం చేస్తాయి. నూరు క్షణాల్లో 80 క్షణాలు ఎలుగు నిద్రపోతే, కళ్ళు మూసుకుని ప్రతి గడిలోనూ "నిద్ర" అని రాసేవారు కూడా సరిగా చూసినవారితో 80 శాతం ఏకీభవిస్తారు! అటువంటి యాదృచ్ఛిక పొంతనను తీసివేసే కోహెన్ కప్పా అనే కొలత ఆ సందర్భంలో సున్నా చూపిస్తుంది. అందుచేత నివేదికలో కప్పానే ఇవ్వండి.

ప్రవర్తనతో పాటు స్థలాన్నీ నమోదు చేస్తే ఎన్‌క్లోజరులో ఏ భాగం దండగగా పడి ఉందో తెలుస్తుంది. విస్తీర్ణంలో 40, 30, 20, 10 శాతంగా నాలుగు భాగాలున్నాయనుకుందాం. 100 గుర్తుల్లో వాటికి వరుసగా 10, 10, 20, 60 వచ్చాయనుకుందాం. రావలసినదానికీ వచ్చినదానికీ తేడాలు 30, 20, 0, 50, మొత్తం 100. గుర్తుల సంఖ్యలోంచి అతి చిన్న భాగానికి రావలసిన 10ని తీసివేసి రెట్టిస్తే 180. మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే 0.56 వస్తుంది. సున్నా అయితే జంతువు స్థలాన్ని సమంగా వాడుతోందనీ, ఒకటి అయితే అతి చిన్న మూలకే అంటిపెట్టుకుందనీ అర్థం. ఆ చిన్న మూల నైట్ హౌస్ తలుపు దగ్గర ఉంటే, మేత కోసం ఎదురుచూపా, లేక ఎన్‌క్లోజరు మొత్తంలో నీడ ఉన్నది అక్కడ మాత్రమేనా అన్నది మిట్టమధ్యాహ్నం వెళ్ళి చూసుకోవాలి.

ఆ తరువాతే జంతువుకు చేయడానికి పని కల్పించే ఎన్‌రిచ్‌మెంట్ దశకు వెళ్ళాలి. దుంగకు రంధ్రాలు తొలిచి లోపల తేనె పూయడం, వెదురు బొంగుల్లో పళ్ళు కూరడం, వేసవిలో పళ్ళను మంచుగడ్డలో పెట్టి ఇవ్వడం వంటివి ఎలుగు పెదవికీ గోటికీ పని కల్పిస్తాయి. వాటిని పశువైద్యుడు చూసి సరేనన్న తరువాత, కీపరు చేతుల మీదుగానే లోపలికి పంపాలి. దుంగ పెట్టక ముందు పది రోజులు, పెట్టినప్పుడు పది రోజులు, తీసేశాక పది రోజులు అవే వేళల్లో నమోదు చేయండి. మూడవ దశను వదిలేస్తే, వచ్చిన మార్పు దుంగ వల్లనో వాతావరణం వల్లనో తేలదు. తేనె ఇచ్చిన మేరకు రోజువారీ మేతను తగ్గించకపోతే, కడుపు నిండి పడుకున్న ఎలుగును చూసి ప్రయోగం ఫలించిందనుకునే ప్రమాదం ఉంది.

ఫలితాన్ని చదివేటప్పుడు నా అభిప్రాయంలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే: పేసింగ్ తగ్గడం దానంతట అది శుభవార్త కాదు. ఆ సమయం వెతకడానికీ తవ్వడానికీ ఆడడానికీ మళ్ళిందా, లేక కదలకుండా పడి ఉండడానికి మళ్ళిందా అన్నది పక్క గడుల్లో చూడాలి. ఒకే దుస్థితిలో ఉన్న రెండు జంతువుల్లో పేసింగ్ చేసేది కొంత తట్టుకుంటూ ఉండవచ్చు, నిశ్చలంగా కూర్చున్నదే ఎక్కువ కుంగి ఉండవచ్చు. హైదరాబాదులో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ (వన్యప్రాణి సంరక్షణ ప్రయోగశాల) వంటి ప్రయోగశాలలు పేడలోని ఒత్తిడి హార్మోను అవశేషాలను కొలిచి ఈ చిక్కుముడి విప్పడానికి సాయపడగలవు. కానీ పేడలో తెలిసేది ఆ క్షణపు స్థితి కాదు, ఆహారం పేగుల గుండా సాగిన అంతకుముందటి గంటల స్థితి. పైగా ఆ హార్మోను భయానికే కాక ఉద్వేగానికీ, జతకట్టే కాలానికీ పెరుగుతుంది. కనుక సేకరించిన వేళను ప్రతి సీసా మీదా రాసి, నమూనాను వెంటనే గడ్డకట్టించాలి.

నివేదిక కళాశాలకు ఇచ్చిన రోజునే, ఏ గంటలో ఏ మూలన పేసింగ్ ఎక్కువగా ఉందో చూపే ఒక పేజీని తెలుగులో రాసి కీపరుకు ఇవ్వండి. ఆయన దానిని చూసి మేత వేళను మార్చినట్టయితే, పాత షీటుతోనే, పాత గంటల్లోనే మరో పది రోజులు అక్కడ కూర్చోవలసి ఉంటుంది.