స్థానిక రేడియో బులెటిన్ – నాలుగో పాఠం: ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు చెప్పారు

కమ్యూనిటీ రేడియోలో, అంటే చుట్టుపక్కల ఊళ్లవారి కోసం నడిచే చిన్న స్టేషనులో, చదివే పది నిమిషాల స్థానిక బులెటిన్‌కు అంశాలు ఏరి పంపమని గత పాఠంలో అడిగాను. వచ్చిన జాబితాల్లో సగానికి పైగా ఏదో ఒక నాయకుని పర్యటనతోనో, ఒక పార్టీ మరొక పార్టీపై చేసిన విమర్శతోనో మొదలయ్యాయి. ఈసారి స్క్రిప్టు రాయడం నేర్పుదామనుకున్నాను గాని, ముందుగా ఈ చిక్కు విప్పుకోవాలి.

మన దేశంలో విద్యాసంస్థలకు కమ్యూనిటీ రేడియో అవకాశం 2002లో వచ్చింది. 2006లో అది స్వచ్ఛంద సంస్థలకు కూడా విస్తరించింది. ఆ 2006 నాటి మార్గదర్శకాలు వార్తలనూ వర్తమాన వ్యవహారాలనూ రాజకీయ స్వభావం గల కార్యక్రమాలనూ ప్రసారం చేయరాదన్నాయి. తరువాత ఆకాశవాణి వార్తలను ఒక్క మాట మార్చకుండా తిరిగి ప్రసారం చేసుకునే వీలు కలిగింది. అయితే పరీక్షలు, ఫలితాలు, ప్రవేశాలు, ఉద్యోగావకాశాలు, వాతావరణం, రాకపోకలు, ఆటల పోటీలు, పండుగలు, సాంస్కృతిక కార్యక్రమాలు, స్థానిక యంత్రాంగం ఇచ్చే విద్యుత్తు, నీటి సరఫరా, విపత్తు, ఆరోగ్య హెచ్చరికలు ఆ నిషేధం కిందికి రావు. కాబట్టి నాయకుల ప్రసంగాలను పూర్తిగా కొట్టివేయండి. మిగిలిన సరుకు తక్కువేమీ కాదు. నిజానికి వినేవారు లేచి ఏదో ఒక పని చేయడానికి పనికివచ్చే సమాచారమంతా ఈ మిగిలిన భాగంలోనే ఉంది. కార్యక్రమానికి ‘వార్తలు’ అని కాక ‘జిల్లా సమాచారం’ అని పేరు పెట్టడం నాకు ఇష్టం.

దూరం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్ ప్రసారం సుమారు 10 నుంచి 15 కిలోమీటర్ల వరకే అందుతుంది. శ్రీకాకుళానికి దగ్గరలోని ఎచ్చెర్లలో స్టేషను పెడితే ఆ పట్టణంలో వినిపించవచ్చు గాని దూరాన ఉన్న పలాసలో వినిపించదు. జాబితాలో పలాస నీటి సరఫరాను రెండో అంశంగా పెట్టినవారు ఇది ఆలోచించాలి.

ఫోనులో రికార్డు చేయడం, ఫ్యాను ఆపడం, నోటికీ ఫోనుకూ మధ్య జానెడు దూరం ఉంచడం మీకు తెలిసినవే కనుక వదిలేస్తున్నాను. నిడివికి నేను నిమిషానికి 90 పదాల లెక్క వేసుకుంటాను. ఒక్కో అంశాన్ని వేరే కాగితంపై, ఒకవైపే, చేత్తో రాస్తాను. చివరి నిమిషంలో వరుస మార్చాలన్నా, ఒక అంశం తీసివేయాలన్నా కాగితం పక్కకు తీస్తే చాలు. పిన్ను మాత్రం కొట్టవద్దు.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువగా విసిగించే పొరపాటు ‘నేడు’, ‘రేపు’, ‘నిన్న’. దినపత్రికకు పైన తేదీ ఉంటుంది కాబట్టి దానికి ఈ మాటలు చెల్లుతాయి. మీ బులెటిన్ మంగళవారం రాత్రి రికార్డవుతుంది, బుధవారం ఉదయం ప్రసారమవుతుంది, సాయంత్రం పునఃప్రసారమవుతుంది, గురువారం ఎవరో దాన్ని వాట్సాప్‌లో పంపుతారు. ‘రేపు డిగ్రీ పరీక్ష ఫీజుకు ఆఖరి రోజు’ అన్న వాక్యం వేర్వేరు రోజుల్లో విన్నవారికి ఒక్కొక్కరికి ఒక్కో తేదీని చెబుతుంది. వారం పేరు, తేదీ రెండూ చెప్పండి. ‘వచ్చే ఆదివారం’ అన్నా లాభం లేదు. శుక్రవారం నాడు ఆ మాట విన్నవారిలో కొందరు ఎల్లుండి అనుకుంటారు, కొందరు ఆపై వారం అనుకుంటారు.

అర్ధరాత్రి దగ్గర ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. అరసవల్లి సూర్యదేవాలయంలో రథసప్తమి క్షీరాభిషేకం అర్ధరాత్రి మొదలవుతుంది. ‘రథసప్తమి నాడు రాత్రి 12 గంటలకు’ అని చదివితే ఆ పండుగ ముందు రాత్రి రావలసిన మనిషి మరునాటి రాత్రి క్యూలో నిలబడడానికి బయలుదేరుతాడు. పండుగ ఆదివారం వస్తే ‘శనివారం రాత్రి పొద్దుపోయాక, తెల్లవారితే ఆదివారం అనగా’ అని రాయండి. మాటలు నాలుగు ఎక్కువైనా ఫరవాలేదు.

వరద సమాచారంలో తేదీతో పాటు గంట కూడా ప్రాణం లాంటిది. వంశధార, నాగావళి రెండూ ఒడిశాలో పుట్టినవి కనుక అక్కడ కొండల్లో వాన పడితే ఇక్కడ ఆకాశం తేటగా ఉండగానే నీరు పెరగవచ్చు. ఒక అభ్యాసి ఊహించి రాసి పంపిన వాక్యం ఇది: ‘ఎగువ ప్రాంతాల్లో కురుస్తున్న భారీ వర్షాల కారణంగా వరద ఉధృతి పెరగడంతో గొట్టా బ్యారేజీ నుంచి నేడు దిగువకు నీటిని విడుదల చేయనున్నట్లు సంబంధిత అధికారులు తెలియజేశారు.’ పత్రికలో అయితే కన్ను వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటుంది. చెవికి ఆ వెసులుబాటు లేదు. దాన్ని ఇలా మార్చాను: ‘వంశధార ఒడ్డున ఉన్నవారికి హెచ్చరిక. హిరమండలం గొట్టా బ్యారేజీ నుంచి నీరు వదులుతున్నారు. మంగళవారం సాయంత్రం 6 గంటలకు జలవనరుల శాఖ చెప్పిన మాట ఇది. నదిలోకి దిగవద్దు. పశువులను ఒడ్డు నుంచి తోలుకురండి.’ ఎవరు చెప్పారో, ఎన్ని గంటలకు చెప్పారో మధ్యలో ఉంచాను గాని చివరికి నెట్టలేదు. ‘సంబంధిత అధికారులు’ అన్న మాటతో నాకు పని లేదు. ఏ శాఖో తెలియకపోతే ఆ అంశం ప్రసారానికి సిద్ధం కాలేదన్నమాట. ఇంతకుముందు ఇచ్చిన హెచ్చరికను పునఃప్రసారం చేసే ముందు ఆ శాఖకు ఫోను చేసి, గంట మార్చి మళ్లీ రికార్డు చేయండి. పాత రికార్డు వేయవద్దు.

మాట్లాడించిన రైతు గొంతును బైటుగా, అంటే బులెటిన్ మధ్యలో వినిపించే రికార్డు ముక్కగా, వాడితే, ఆయన యాసను మీ వాక్యాలతో సరిదిద్దవద్దు. దగ్గు కత్తిరించండి, మాట కత్తిరించవద్దు.

అభ్యాసం: ఆరు అంశాలతో ఐదు నిమిషాల బులెటిన్ బుధవారం రాత్రి రికార్డు చేయండి. శుక్రవారం ఉదయం శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో, బస్సుల హోరు మధ్య, ముగ్గురికి ఒక్కసారే వినిపించండి. వారిలో ఒకరైనా చదువుకోని పెద్దవారై ఉండాలి. ఎక్కడికి, ఏ తేదీన, ఎన్ని గంటలకు వెళ్లాలో వారి నోటితోనే చెప్పించుకుని రాసుకోండి. ఎవరు ఎక్కడ తప్పినా ఆ అంశాన్ని తిరగరాసి, మరో ముగ్గురికి వినిపించండి. ఆరు అంశాలూ నిలిచే వరకు రికార్డింగు పంపవద్దు. రాసుకున్న కాగితాలు మాత్రం కొట్టివేతలతో సహా పంపండి.