ఇంట్లో మేస్త్రీలు పని చేస్తుంటే రోజులు నెట్టుకురావడం ఎలా?

ఖాళీ ఇంట్లో పని చేయించుకోవడం ఒక తీరు. కాపురం ఉంటున్న ఇంట్లోనే బాత్రూం టైల్స్ పగలగొట్టించడం, వంటగది మార్పించడం, ఇల్లంతా పెయింట్ వేయించడం పూర్తిగా ఇంకో తీరు. పొద్దున తొమ్మిదికి నలుగురు మనుషులు లోపలికి వస్తారు. సాయంత్రం దాకా డ్రిల్లింగ్ మోత, దుమ్ము, అటూ ఇటూ నడకలు. వంట ఎక్కడ చేయాలి, స్నానం ఎక్కడ చేయాలి, పెద్దాయన మధ్యాహ్నం ఎక్కడ నడుం వాల్చాలి అన్నవే పెద్ద ప్రశ్నలైపోతాయి.

తిరుపతిలో కొర్లగుంట, బైరాగిపట్టెడ లాంటి చోట్ల ఏడాది పొడుగునా ఏదో ఒక ఇంట్లో ఈ పని నడుస్తూనే ఉంటుంది. ఇంటివాళ్ళకూ పనివాళ్ళకూ మధ్య వచ్చే గొడవలను గమనిస్తే, పని చేతకాక వచ్చినవి తక్కువ. ముందు మాట్లాడుకోని సంగతుల మీద వచ్చినవే ఎక్కువ. "అది కూడా మీరే చేస్తారనుకున్నాం" అని వీళ్ళు, "ఆ మాట ముందే చెప్పలేదు కదా సార్" అని వాళ్ళు. అందుకే కింద చెప్పే వాటిలో చాలావరకు పని మొదలుకాకముందే చేయాల్సినవి.

1. నెల చూసుకుని మొదలుపెట్టండి

మన వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. మిద్దె మీద వాటర్ ప్రూఫింగ్, బయటి గోడల పెయింట్, పగుళ్ళు పూడ్చడం లాంటివి ఆ లోపే ముగించాలి. గోడలో చెమ్మ ఉండగా పుట్టీ పెడితే కొన్నాళ్ళకు పొరలు పొరలుగా రాలిపోతుంది. నన్నడిగితే జనవరి చివరి నుంచి మార్చి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే ఎండల్లో సిమెంటు పని చేయించవచ్చు కానీ నీళ్ళు పట్టే బాధ్యత రెట్టింపవుతుంది. కొత్త ప్లాస్టరింగ్‌ను కనీసం వారం రోజులు పొద్దునా సాయంత్రం తడపాలి, ఎండాకాలంలో మధ్యాహ్నం కూడా. ఆ నీళ్ళు ఎవరు పట్టాలో కూడా ముందే మాట్లాడుకోండి.

పండుగలు లెక్కేసుకోండి. సంక్రాంతికి మూడు రోజులు ఎవరూ దొరకరు. మే నెలలో గంగమ్మ జాతర రోజుల్లో ఊళ్ళోవాళ్ళు పనికి వస్తారని ఆశపడటం న్యాయం కాదు. ఆయుధ పూజ నాడు పనిముట్లు పూజలో ఉంటాయి. రాజస్థాన్, బీహార్ నుంచి వచ్చిన కార్పెంటర్లు, టైల్స్ పనివాళ్ళు హోలీకీ దీపావళికీ సొంతూరు వెళ్తే తిరిగి రావడానికి వారాలు పడుతుంది. మంగళవారం, అమావాస్య నాడు కొత్త పని మొదలుపెట్టని మేస్త్రీలూ ఉన్నారు. ఆ నమ్మకం మీకు లేకపోయినా ఒక్క రోజు కోసం పట్టుబట్టకండి.

ఇక తిరుపతి వాళ్ళకు మాత్రమే ఉండే సంగతి ఒకటి. కొండకు వచ్చే చుట్టాలు. దర్శనం టికెట్లు నెలల ముందే బుక్ చేసుకుని ఉంటారు, వచ్చే రోజు మాత్రం ముందురోజు ఫోన్ చేసి చెబుతారు. పని తేదీ ఖాయం కాగానే దగ్గరివాళ్ళందరికీ మీరే ఫోన్ చేసి "ఫలానా తేదీ దాకా ఇంట్లో పని ఉంది, బాత్రూం కూడా లేదు" అని చెప్పేయండి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. చెప్పకపోతే ఇబ్బందిపడేది వాళ్ళే.

2. మాట కాగితం మీద పెట్టండి

కూలీ లెక్కలు మూడు రకాలుగా నడుస్తాయి. రోజు కూలి, లేబర్ కాంట్రాక్టు (సామాను మనది, పని వాళ్ళది), సామానుతో సహా మొత్తం కాంట్రాక్టు. ఒకటి రెండు రోజుల రిపేరుకు రోజు కూలి మేలు. బాత్రూం, వంటగది, పెయింటింగ్ లాంటి వాటికి లేబర్ కాంట్రాక్టు మేలని నా అభిప్రాయం. సామాను మన కళ్ళ ముందు కొంటాం, పని ఎన్ని రోజులు సాగినా కూలి పెరగదు. మొత్తం కాంట్రాక్టు ఇస్తే తిరుగుడు తగ్గుతుంది. కానీ ఏ కంపెనీ పైపు, ఏ కంపెనీ వైరు, ఏ రకం పెయింట్ అన్నది పేర్లతో సహా రాసుకోకపోతే చౌక సరుకు వచ్చి పడవచ్చు.

కాగితం అనగానే "రాసుకోవడమెందుకు సామీ, మన మధ్య మాట చాలదా?" అని మేస్త్రీ అనవచ్చు. "నమ్మకం లేక కాదన్నా, నాకే గుర్తుండదు, ఇద్దరి దగ్గరా ఒకటి ఉంటే మంచిది" అని నవ్వుతూ చెప్పి రాయండి. స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్ల కాగితం మీద రాసి, ఫోటో తీసి ఆయన వాట్సాప్‌కు పంపితే సరిపోతుంది. అందులో ఉండాల్సినవి ఇవి.

ఏయే పనులు, ఏ గదిలో. పాత టైల్స్ పగలగొట్టడం, ఆ చెత్త బయట వేయించడం ఎవరి ఖర్చు. కొలత ఎలా: చదరపు అడుగా, రన్నింగ్ ఫీటా (పొడవు లెక్క), మొత్తానికా. పెయింటింగ్ అయితే తలుపులు, కిటికీల వైశాల్యం కొలతలో తీసేస్తారా, కలుపుతారా. చివరి రోజు తగాదాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది. పుట్టీ ఎన్ని కోట్లు, ప్రైమర్ ఎన్ని, రంగు ఎన్ని. మధ్యలో కొత్త పని చెబితే దాని రేటు అప్పుడే మాట్లాడుకోవాలన్న షరతు. ఎన్నింటికి వస్తారు, ఎన్నింటికి వెళ్తారు. డబ్బు ఏ దశకు ఎంత.

సామాను షాపు విషయంలో ఒక్క మాట. పెయింటర్లకు డబ్బాల మీద టోకెన్లు, కంపెనీ పాయింట్లు వస్తాయి. మేస్త్రీ తీసుకొచ్చిన గిరాకీకి కొన్ని షాపుల్లో కమీషన్ ఉంటుంది. అది ఈ రంగంలో మామూలే, దాని గురించి కోప్పడనక్కర్లేదు. మీరు వేరే రెండు షాపుల్లో రేటు కనుక్కుని వెళ్తే చాలు. టైల్స్ అవసరమైన దానికంటే ఐదు నుంచి పది శాతం ఎక్కువ తీసుకోండి. పెట్టెల మీద బ్యాచ్ నంబరు ఒకటేనా అని చూడండి. బ్యాచ్ మారితే అదే డిజైన్‌లో కూడా రంగు తేడా వస్తుంది.

3. ఇంట్లో ఒక గదిని దుమ్ము నుంచి కాపాడుకోండి

ఇల్లంతా ఒకేసారి అప్పగించకండి. ఒక గదిని పూర్తిగా మీ కోసం ఉంచుకోండి. మంచం, మందులు, పిల్లల పుస్తకాలు, రెండు రోజుల బట్టలు, మంచినీళ్ళ క్యాను అన్నీ అందులో. తలుపు కింద సందులో తడిగుడ్డ చుట్టి పెడితే సన్నటి దుమ్ము చాలావరకు ఆగుతుంది. వంటగది పని అయితే ఇండక్షన్ స్టవ్ ఒకటి హాల్లోనో వరండాలోనో పెట్టుకుని, సులువుగా అయ్యే వంటలకు సిద్ధపడండి. ఆ నాలుగు రోజులు కూర బయట నుంచి తెచ్చుకున్నా తప్పేం లేదు.

టీవీ, ఏసీ, ఫ్రిజ్, కంప్యూటర్ పాత దుప్పట్లతోనో ప్లాస్టిక్ షీట్లతోనో కప్పేయండి. కప్పి ఉండగా ఏసీ, ఫ్రిజ్ ఆన్‌లో ఉంచకండి. టైల్స్ కోస్తున్నప్పుడు సీలింగ్ ఫ్యాన్ వేయనివ్వకండి, దుమ్ము ఇల్లంతా తిరుగుతుంది. టైల్స్, రాయి కోసేటప్పుడు లేచే పొడిలో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. నీళ్ళు పోస్తూ కోయమని, వీలైతే మిద్దె మీదో బయటో కోయమని చెప్పండి. కోసే కుర్రాడికి మాస్కు మీరే ఇవ్వండి. ఆస్తమా ఉన్నవాళ్ళు, గర్భిణులు, పసిపిల్లలు ఉంటే పగలగొట్టే రెండు రోజులూ వాళ్ళను వేరే ఇంటికి పంపించడం ఉత్తమం.

బంగారం, డబ్బు, ముఖ్యమైన పత్రాలు బీరువాలో పెట్టి తాళం వేయండి, లేదా బ్యాంకు లాకర్‌కు మార్చండి. ఇది ఎవరినీ అనుమానించడం కాదు. తర్వాత ఏదైనా కనిపించకపోతే అమాయకుడి మీద నింద పడకుండా ఉండటానికి కూడా ఇదే మార్గం.

4. రోజూ రెండుసార్లు మాట్లాడండి, మిగతా సమయం వదిలేయండి

ఇంట్లో ఒక్కరే మాట్లాడాలి. అయ్య ఒకటి, అమ్మ ఒకటి, ఫోన్‌లో బెంగళూరు నుంచి కొడుకు ఒకటి చెబితే మేస్త్రీ ఎవరి మాట వినాలి? పొద్దున పని మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు: ఈ రోజు ఏం చేస్తారు, ఏ సామాను తగ్గుతుంది, కరెంటు, నీళ్ళు ఎప్పుడు ఆపాలి. సాయంత్రం వెళ్ళే ముందు ఇంకో ఐదు నిమిషాలు, చేసిన పని కలిసి చూడటం. తేడా ఉంటే ఆ పూటే చెప్పాలి. టైల్ వంకరగా ఉంటే సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు తీసి పెట్టడం సులువు, మర్నాటికి పగలగొట్టాల్సిందే. తప్పు చెప్పేటప్పుడు కూలీల ముందు మేస్త్రీని తక్కువ చేయకండి, పక్కకు పిలిచి చెప్పండి.

మధ్యలో గంట గంటకూ వెనక నిలబడితే ఎవరి చేయీ సరిగా ఆడదు.

పెద్దవాళ్ళయితే "అన్నా", "మేస్త్రీ గారూ", ఆడకూలీలను "అక్కా", "అమ్మా" అని పిలవండి. పదకొండుకు, నాలుగుకు టీ. తాగడానికి చల్లటి నీళ్ళు. ఇంకొకటి, చాలామంది ఆలోచించనిది: వాళ్ళు ఏ బాత్రూం వాడాలి? ఆ మాట మీరే మొదటి రోజు చెప్పండి. అడగలేక పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా ఉండే ఆడకూలీలు ఉన్నారు. మేస్త్రీ వెంట చిన్నపిల్లవాడు పనికి వస్తే మర్యాదగానే వద్దని చెప్పండి. 14 ఏళ్ళలోపు పిల్లలతో పని చేయించడం చట్టప్రకారం నేరం.

5. మూసేయకముందే చూడండి

ఈ ఒక్కటీ శ్రద్ధగా చేస్తే తర్వాత ఏళ్ళ తరబడి హాయిగా ఉండవచ్చు. గోడ లోపల, నేల కింద పడే పనిని పైన సిమెంటు పడకముందే పరీక్షించాలి.

బాత్రూంలో వాటర్ ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందు, నీళ్ళు పోయే రంధ్రం గుడ్డతో బిగించి నేల మీద రెండు మూడు అంగుళాల నీళ్ళు నిలపండి. కనీసం 24 గంటలు, వీలైతే 48. కింది గది సీలింగ్‌లో, పక్క గోడలో చెమ్మ కనిపించకపోతేనే ముందుకు. "ఒక రోజు వేస్టు సార్" అంటారు, ఒప్పుకోవద్దు. కొత్త పైపులకు చివర్లు బిగించి, ట్యాంకు వాల్వు తెరిచి రాత్రంతా ఉంచండి. పొద్దున ప్రతి జాయింటూ వేలితో తడిమి చూడండి. టైల్స్ వేశాక ఒక మగ్గు నీళ్ళు మూలల్లో పోసి, అవి ఆగకుండా జాలీ వైపే వెళ్తున్నాయా చూడండి. ఎండాక ప్రతి టైల్‌నూ చిన్న కర్రతో తట్టండి, డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు సరిగా నిండలేదు.

కరెంటు పనిలో వైరు మందం లైట్లకు 1.5 స్క్వేర్ ఎం.ఎం., పెద్ద ప్లగ్గులకు 2.5, ఏసీకి, గీజర్‌కు 4 స్క్వేర్ ఎం.ఎం. ఉండటం మామూలు పద్ధతి. ఐఎస్ఐ గుర్తు చూడండి. ఎర్తింగ్ వైరు ప్రతి ప్లగ్గుకూ వచ్చిందా అడగండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ఈ పనిలోనే పెట్టించండి. షాక్ కొట్టిన క్షణంలో కరెంటు ఆపేది అదే. తడి నేల మీద కటింగ్ మెషీన్ నడిపే మనిషికి కూడా అదే రక్ష.

గోడ మూసే ముందు పైపులు, వైర్లు కనిపించేలా ప్రతి గోడనూ ఫోటో తీయండి, పక్కన టేపు పెట్టి. రేపు మేకు కొట్టాలన్నా, లీకు వెతకాలన్నా ఆ ఫోటోలే దారి చూపిస్తాయి.

6. ప్రమాదాల దగ్గర మొహమాటం వద్దు

ఎనామిల్ పెయింట్, చెక్క పాలిష్, థిన్నర్ వాడే రోజుల్లో ఆ ఆవిరి నిప్పు అంటుకునే రకం. ఆ గది పక్కనే పూజ గదిలో దీపం, అగరువత్తి వెలిగించకండి. స్టవ్ కూడా. దేవుడి పటాలను ముందే వేరే గదిలోకి మార్చి, అక్కడ పూజ చేసుకోండి. కిటికీలన్నీ తెరిచి ఉంచాలి. ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నప్పుడు మెయిన్ ఆపి ఉందన్న సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి, ఎవరో ఫ్యాన్ కోసం వేసేస్తారు.

7. రాని రోజు

"రేపు పొద్దున్నే వచ్చేస్తా" అన్న మేస్త్రీ పదకొండైనా రాడు. ఆయన చేతిలో ఒకేసారి రెండు మూడు ఇళ్ళ పనులుంటాయి, ఎక్కడ ఒత్తిడి ఎక్కువైతే మనుషులను అక్కడికి పంపుతాడు. అరిస్తే ఫోన్ ఎత్తడం మానేస్తాడు. ముందురోజు రాత్రి ఎనిమిదింటికి మీరే ఫోన్ చేసి "రేపు ఎంతమంది వస్తున్నారన్నా?" అని అడగడం అలవాటు చేసుకోండి. రాలేకపోతే అప్పుడే చెప్పమనండి. మూడు రోజులు వరుసగా రాకపోతే, మిగిలిన పని రాసి, ఫలానా తేదీ లోపు పూర్తి కాకపోతే వేరేవాళ్ళను పెట్టుకుంటామని వాట్సాప్‌లో మర్యాదగా పంపండి.

డబ్బు చేతిలో ఉంటేనే ఈ మాటకు బలం. అడ్వాన్సు పదో వంతు దాటకుండా చూసుకోండి. పని అయిన దశకే డబ్బు ఇవ్వండి, చివరి పదిహేను శాతం అన్నీ చూసుకున్నాకే. ఫోన్‌పే, గూగుల్‌పే చేస్తే లెక్క అందులోనే ఉంటుంది, నగదు ఇస్తే నోటుబుక్‌లో తేదీ వేసి సంతకం తీసుకోండి. అయితే కూలీల వారం డబ్బు మాత్రం ఆపకండి. మేస్త్రీతో మనకు ఏ పేచీ ఉన్నా, శనివారం సాయంత్రం ఆ కూలి మీదే వాళ్ళింట్లో బియ్యం కొంటారు.

8. పక్కింటివాళ్ళు, చెత్త

పగలగొట్టే ముందురోజు పక్కిళ్ళకు వెళ్ళి చెప్పిరండి. పిల్లల పరీక్షలు, జబ్బుతో ఉన్న పెద్దవాళ్ళు ఉన్నారేమో అడిగి, మోత పని ఏ వేళల్లో ఉంటుందో చెప్పండి. పెళ్ళలు, టైల్స్ ముక్కలు ఖాళీ సిమెంటు సంచుల్లో నింపించి ట్రాక్టరుకో ఆటోకో ఎత్తించాలి. కాలువలో సిమెంటు నీళ్ళు పోయనివ్వకండి, అది అక్కడే గట్టిపడుతుంది. 2021 నవంబరులో మన వీధులు ఎలా మునిగాయో చూసినవాళ్ళం, కాలువ పూడిస్తే ఏమవుతుందో ఎవరూ మనకు చెప్పక్కర్లేదు.

9. చివరి రోజు

పట్టపగలు, వెలుతురులో, మేస్త్రీతో కలిసి గది గదికీ తిరగండి. ప్రతి కుళాయి తిప్పండి, ప్రతి స్విచ్ వేయండి, ప్రతి తలుపు మూసి తెరవండి. మిగిలినవి కాగితం మీద రాసి ఇద్దరూ ఒప్పుకున్నాక, అవి పూర్తయిన రోజే లెక్క ముగించండి. మిగిలిన టైల్స్ ఒక పెట్టె, కాస్త పెయింట్ మూత బిగించి, మూత మీద షేడ్ నంబరు, గది పేరు రాసి అటక మీద పెట్టండి. ప్లంబరు, ఎలక్ట్రీషియన్, పెయింటర్ నంబర్లు ఫోన్‌లో పేరు పక్కన ఏ పని చేశారో కూడా కలిపి సేవ్ చేసుకోండి.