ఫాస్బరీ ‘ఫ్లాప్’ లెక్కలో చేపల పులుసు కొట్టు

మన దగ్గర ఫ్లాప్ అంటే మొదటి వారంలోనే హాల్లోంచి ఎత్తేసిన సినిమా. డిక్ ఫాస్బరీకి ఆ మాటే బిరుదైంది. హైజంప్‌లో మేటి ఆటగాళ్లంతా బోర్లా తిరిగి కడ్డీ దాటుతున్న రోజుల్లో ఈ అమెరికా కుర్రాడు వెల్లకిలా, తల ముందుపెట్టి దాటాడు. పడవలో పడి కొట్టుకునే చేపలా ఉన్నాడని పత్రికలో ఎగతాళి కూడా చేశారు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో అదే వెల్లకిల దూకుడుతో 2.24 మీటర్లు దాటి బంగారు పతకం కొట్టాడు.

కొత్తగా ఆలోచించమని చెప్పడానికి చాలామంది ఇతని కథ వాడేస్తుంటారు. అంతవరకే అయితే కొట్టుకి పైసా ఉపయోగం లేదు. అతను ఏది మార్చాడు, ఏది ముట్టుకోలేదు, ఎప్పుడు మార్చాడు అన్న దగ్గర అసలు సరుకుంది. చేప పేరుతోనే వెక్కిరించారు కాబట్టి, నెల్లూరులోనో కావలిలోనో ఒంగోలులోనో ఇంట్లో వండి పార్సిళ్లు అమ్మే చేపల పులుసుకే ఆ లెక్క కడదాం.

రూలు వేరు, అలవాటు వేరు

హైజంప్ రూలు ఒంటికాలి మీద లేవమంటుంది. గాల్లో బోర్లా ఉండాలా, వెల్లకిలా ఉండాలా అన్నది దానికి పట్టదు. మీరూ ఒక కాగితం మీద రెండు వరసలు రాయండి. రూళ్ల వరసలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్, మంచినీళ్లు, వండినదాన్ని ఎంత వేడిలో, ఎంత చల్లదనంలో ఉంచాలన్నది వస్తాయి. వీటి జోలికి పోవద్దు. అలవాట్ల వరసలో పొద్దున చేప తేవడం, మధ్యాహ్నానికి సట్టి దించడం, మిగిలింది ఇంట్లో తినడం. పులుసు మర్నాటికే రుచని నెల్లూరులో చిన్నపిల్లల్నడిగినా చెబుతారు. అయినా కొట్లో వేడివేడిదే అమ్ముతాం. మీ వెల్లకిల దూకుడు ఇక్కడుంది: సాయంత్రం వండి, సరిగ్గా చల్లార్చి, మర్నాటి మధ్యాహ్నం అమ్మడం.

ఫాస్బరీ కూడా కొత్తది కనిపెడదామని కూర్చోలేదు. అందరి పద్ధతీ ఒంటబట్టక, కాళ్లు కత్తెరలా ఒకదాని తర్వాత ఒకటి కడ్డీ దాటించే పాత ‘కత్తెర’ దూకుడుకి, పోటీదారులు ఎప్పుడో వదిలేసినదానికి, వెనక్కి పోయాడు. 1963లో స్కూలు పోటీలో కడ్డీ పెంచినకొద్దీ వీపు కాస్త కాస్త వాల్చి, తుంటి లేపుతూ ఒక్కరోజులో 1.63 మీటర్ల నుంచి 1.78కి చేరాడు.

ముందు పరుపు, తర్వాతే దూకుడు

ఇసుకలోనో రంపపుపొట్టులోనో వీపు మీద పడితే మెడ విరగొచ్చు. ఆ కాలంలోనే ఫోమ్ పరుపులు వస్తున్నాయి కాబట్టి ఆ దూకుడు నిలబడింది. నిన్నటి పులుసుకి పరుపు చల్లార్చే ఏర్పాటే. అది లేకుండా బోర్డు పెట్టారా, కస్టమర్ కడుపు మీద దూకినట్టే.

కిలో బొచ్చె ముక్కలకి మామూలుగా 80 గ్రాముల చింతపండు వాడితే దీనికి 65 చాలు. ఉల్లి, టమాటా, కారం, మెంతిపొడితో పులుసు 20 నిమిషాలు మరిగి నూనె తేలాక ముక్కలు వేయండి. గరిటె పెట్టకుండా సట్టి చెవులు పట్టి తిప్పాలి. 3 నిమిషాలయ్యాక మామిడి ముక్కలు, మరో 5 నిమిషాలకి దించడం. ముక్క మధ్యలో థర్మామీటరు 75 డిగ్రీలు చూపాలి.

తర్వాతే చాలామంది బోల్తా పడతారు. మట్టిసట్టి వేడిని పట్టి ఉంచుతుంది. వంటకి అదే గుణం, చల్లార్చడానికి అదే శత్రువు. సట్టిని అలాగే ఫ్రిజ్‌లోకి నెడితే పైన చల్లగా, నడుమ గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటుంది, పులుసు చెడేది ఆ నడుమే. పొగలు కక్కుతుండగానే ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూతపెట్టినా అంతే, మూతకి పట్టిన నీరు కారి పులుసు పలచబడుతుంది.

అందుకని దించగానే అట్లకాడతో ముక్కలు, మామిడి విడిగా తీసి స్టీలు ట్రేలో ఒకే వరసగా పరవండి. పులుసుని వేరే ట్రేలలో 5 సెంటీమీటర్ల లోతుకి మించకుండా పోసి, ఆ ట్రేలను ఐసునీళ్ల టబ్బులో పెట్టి మధ్యమధ్య కలపండి. 60 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కణ్నుంచి 5కి మరో నాలుగు గంటల్లో దిగాలి. ఆ గడువు తప్పిన ట్రే పారబోయాల్సిందే, వాసన బాగుందని దాచుకోవద్దు. మర్నాడు పులుసుని తెర్లించి, ముక్కలు వేసి, మళ్లీ 75 డిగ్రీలు వచ్చేదాకా కాచి వెంటనే ప్యాక్ చేయాలి. ఆ తర్వాత మరోసారి కాయొద్దు, ముక్క విచ్చిపోతుంది, పైగా ప్రమాదం.

ధర కూడా కడ్డీయే

ముందు నేల, అంటే అసలు ఖర్చు, కొలవండి. కిలో 210కి కొన్న చేప శుభ్రం చేసేసరికి మూడోవంతు పోతే ముక్కల ధర 315 అవుతుంది. ఈ ఒక్క లెక్క తప్పే చాలా కొట్లు మూయిస్తుంది. ఆపైన ప్యాకెట్‌కి 10 రూపాయల చొప్పున పెంచుతూ పోండి. హైజంప్‌లో వరసగా మూడుసార్లు తప్పితే అవుట్, ఫాస్బరీ 2.24 దాటింది మూడో ప్రయత్నంలోనే. ఒక్క ఆదివారం అమ్మకం తగ్గిందని ధర దించేయకండి, మూడు ఆదివారాలు చూడండి. పెంచిన వారం ఇంకేదీ మార్చకూడదు, చేప రకం కూడా.

పక్కకొట్టు వాడు చూస్తాడు

చూడనీ. 1972 మ్యూనిక్‌లో 40 మందిలో 28 మంది ఫాస్బరీలాగే దూకారు. తమాషా ఏమిటంటే అక్కడ బంగారం పాత పద్ధతిలో బోర్లా దూకిన సోవియట్ ఆటగాడు టార్మాక్‌కి పోయింది. కాపీ కొట్టేవాడికి గాల్లో వాలిన వీపు కనిపిస్తుంది. కడ్డీ దగ్గరికి వంపు తిరుగుతూ వచ్చే ఆ చివరి నాలుగైదు అంగల పరుగు కనపడదు, ఒంటిని తిప్పేది అదే. మీ బోర్డు మీద ‘నిన్నటి పులుసు’ అన్న మాట ఎవడైనా రాసుకోగలడు. ట్రేలు, ఐసు, థర్మామీటరు, గంటలు రాసిన నోటుబుక్కు లోపల ఉంటాయి. ఫొటోలు పెట్టుకోవాలని సరదా ఉంటే సట్టిది పెట్టుకోండి.

పాత సట్టి దించొద్దు

కాలేజీలో ఫాస్బరీ కోచ్ బెర్నీ వాగ్నర్ అతన్ని పోటీల్లో వెల్లకిలా దూకనిచ్చాడు, సాధనలో మాత్రం పాత పద్ధతి చేయించాడు. వెల్లకిలా దూకి 2.08 మీటర్లతో కాలేజీ రికార్డు బద్దలయ్యాకే ఆ సాధన మాన్పించాడు. మీ 2.08 ఎంతో మొదటిరోజే గోడమీద రాసి పెట్టండి. రోజుకి 30 ప్యాకెట్లు అమ్మేవాళ్లయితే ముందు 6 మాత్రం నిన్నటివి పెట్టండి, అవి అయిపోతే 10. వరసగా నాలుగు ఆదివారాలు 20 దాటి, ఒక్క ప్యాకెట్టూ వెనక్కి రాకపోతే అప్పుడు పొద్దుటి వంట ఆపొచ్చు. ఈలోగా కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిన రోజున కొట్టు నిలబెట్టేది ఆ పొద్దుటి సట్టే.