హెచ్‌టీఎంఎల్ ఈమెయిల్ పంపే ముందు జాగ్రత్తలు

చీమకుర్తి గ్రానైట్ పలకల ధరలను కొనుగోలుదారులకు హెచ్‌టీఎంఎల్ ఈమెయిల్‌గా (రంగులు, పట్టికలు, బొమ్మలు చూపేలా కోడ్‌తో రాసే ఈమెయిల్) పంపదలచినవారు అక్షరాల రంగు, పరిమాణం వేరే ఫైలులో ఉంచకుండా ఆయా ట్యాగులలోనే (<p> వంటి కోడ్ గుర్తులలో) రాయాలి. ఈమెయిల్ వెడల్పు 600 పిక్సెళ్లు దాటకపోవడం మంచిది. ధరల పట్టికను బొమ్మగా మార్చి అతికించడం అన్నిటికన్నా పెద్ద పొరపాటని నా అభిప్రాయం, ఎందుకంటే కొన్ని మెయిల్ యాప్‌లు అనుమతి ఇచ్చేదాకా బొమ్మలను చూపవు, అప్పుడు కొనుగోలుదారుకు ఖాళీ గడి మాత్రమే కనిపిస్తుంది. ధరలు అక్షరాలలోనే ఉండాలి. గెలాక్సీ అనే గ్రానైట్ రాయి ఫొటోకు ‘బంగారు చుక్కల నల్లరాయి’ అని ఆల్ట్ వాక్యం (బొమ్మ కనిపించనప్పుడు దాని బదులు కనిపించే వాక్యం) జోడించాలి. బొమ్మ చిరునామా మీ కంప్యూటరులోని ఫోల్డరును చూపుతుంటే, మీకు కనిపించిన రాయి మరెవరికీ కనిపించదు. కోడ్ సుమారు 102 కిలోబైట్లు మించితే జీమెయిల్ చివరి భాగాన్ని కత్తిరిస్తుంది. కోడ్, బొమ్మలు లేని మామూలు అక్షరాల ప్రతిని కూడా జతచేసి, ముందుగా మీకే పంపుకొని ఫోనులో తెరచి చూడండి. కొనుగోలుదారుల చిరునామాలన్నీ బీసీసీలోనే (ఒకరి చిరునామా మరొకరికి కనిపించని గడిలో) ఉంచాలి.